ఫైర్‌వాల్‌కు లింగ వచన విభక్తులు

తెలుగు పండితురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా పిన్ని, తన ల్యాప్‌టాప్‌లో ఏ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో తేల్చుకుందామని కూర్చుని, ఎక్కడో చదివిన జాబితాను కాగితం మీదికి ఎక్కించి నాకు చూపించింది. ఫైర్‌వాల్‌లు ఏడు రకాలని ఆ జాబితా చెబుతోంది: ప్యాకెట్ ఫిల్టర్, స్టేట్‌ఫుల్, ప్రాక్సీ, నెక్స్ట్ జనరేషన్, సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్, క్లౌడ్. వీటిలో తనకు ఏది సరిపోతుందని అడుగుతుందనుకున్నాను. ఆమె మాత్రం "రెండోది ఆరోది కూడా కావచ్చా?" అని అడిగింది. కావచ్చునన్నాను. "నాలుగోది ఏడోది కావచ్చా?" అదీ కావచ్చునన్నాను. "అయితే ఇది వర్గీకరణ కాదురా, కలగూరగంప" అని కాగితం నా చేతిలో పెట్టేసింది.

సాఫ్ట్‌వేర్‌కు వాడుక సూచనలు రాయడం నా వృత్తి కనుక ఇలాంటి జాబితాలు నేనూ రాశాను. అందుకే ఆ మాట కొంచెం గట్టిగానే తగిలింది. పిన్ని ఇచ్చిన ఉదాహరణ వ్యాకరణం నుంచి వచ్చింది. "తమ్ములతో" అన్న మాట మహద్వాచకమా, బహువచనమా, తృతీయా విభక్తా అని ఏ విద్యార్థీ అడగడు, ఎందుకంటే అది ఒకేసారి మూడూ అవుతుంది. లింగం ఒక ప్రశ్నకు సమాధానం, వచనం మరో ప్రశ్నకు, విభక్తి ఇంకో ప్రశ్నకు. మూడు ప్రశ్నల సమాధానాలను ఒకే వరుసలో పేర్చి "నామవాచకాలు ఏడు రకాలు" అని పాఠం చెబితే పిల్లలు తికమకపడతారు, ఆ తప్పు పిల్లలది కాదు. ఫైర్‌వాల్ విషయంలో సాంకేతిక పరిజ్ఞానం లేని పాఠకుడికి కలిగే తికమక కూడా సరిగ్గా అలాంటిదేనని, విషయం కష్టమైనందువల్ల కాక ప్రశ్నలు కలిసిపోయినందువల్ల పుట్టినదని నాకు అప్పుడు అర్థమైంది. కనుక రకాల పేర్లు పక్కన పెట్టి, ఏ ఫైర్‌వాల్ ఎదురైనా వేయదగిన ప్రశ్నలేమిటో ఇక్కడ రాస్తున్నాను. ఒక్కో ప్రశ్నను పట్టికలో ఒక్కో గడి అనుకోండి.

దానికి ముందు ఆ వస్తువు ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. ఒక భవనంలో అంటుకున్న మంట పక్క భాగానికి పాకకుండా కట్టే గోడను ఇంగ్లీషులో ఫైర్‌వాల్ అంటారు. కంప్యూటర్ల వారు ఆ పేరును అరువు తెచ్చుకున్నారు. పోలిక పూర్తిగా కుదరలేదు, ఎందుకంటే గోడ ఎవరినీ పోనివ్వదు, ఫైర్‌వాల్ అసలు పని మాత్రం కొందరిని పోనిచ్చి కొందరిని ఆపడం. నెట్‌వర్క్‌లో సమాచారం ఒక్క ముద్దగా ప్రయాణించదు. అది ప్యాకెట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి వెళుతుంది. ఒక పుస్తకాన్ని పుటలుగా విడదీసి ఒక్కో పుటను ఒక్కో కవరులో పెట్టి పంపినట్లు ఊహించుకుంటే చాలు. ప్రతి కవరు మీదా పంపినవారి చిరునామా, అందుకోవలసినవారి చిరునామా, వాటితో పాటు పోర్టు అనే ఒక సంఖ్య ఉంటాయి. ఒకే కంప్యూటర్‌లో ఏ కార్యక్రమానికి, అంటే ప్రోగ్రామ్‌కు, ఆ కవరు అందాలో చెప్పేది పోర్టు. ఈ సంఖ్యలు 0 నుంచి 65,535 వరకు ఉంటాయి, సురక్షిత వెబ్ పేజీలకు 443 వాడడం ఆనవాయితీ. ఈ కవర్లు ఒక హద్దును దాటేటప్పుడు ముందుగా రాసి పెట్టిన నియమాలతో పోల్చి చూసి, పంపడమో ఆపడమో చేసే సాఫ్ట్‌వేరే ఫైర్‌వాల్.

ఇక మొదటి ప్రశ్న, అది ఎక్కడ నిలబడి ఎవరిని కాపాడుతోంది అన్నది. కొన్ని ఫైర్‌వాల్‌లు కాపాడవలసిన కంప్యూటర్ లోపలే ఉండి ఆ ఒక్క కంప్యూటర్‌కే కాపలా కాస్తాయి. విండోస్‌తో వచ్చేది, మాక్‌తో వచ్చేది ఈ కోవలోవి. మరికొన్ని అనేక కంప్యూటర్లు ఉన్న ఒక నెట్‌వర్క్‌కూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచి, వెనక ఉన్న వాటన్నింటికీ కలిపి కాపలా కాస్తాయి. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ వంటివి ఈ పనికి పుట్టినవి. మూడో చోటు కూడా ఉంది. కంప్యూటర్‌ను కాక దాని మీద నడిచే ఒకే ఒక్క వెబ్‌సైటును కాపాడేవి ఉంటాయి. 2002లో ఇవాన్ రిస్టిచ్ అపాచీ వెబ్ సర్వర్ కోసం మొదలుపెట్టిన మాడ్‌సెక్యూరిటీ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఇది వెబ్‌సైటుకు వచ్చే అభ్యర్థనల్లో డేటాబేస్‌ను మోసగించే రాతల వంటివి ఉన్నాయేమో చూస్తుంది తప్ప, మీ ల్యాప్‌టాప్‌కు దీనితో పని లేదు. "మంచి ఫైర్‌వాల్‌లు" అన్న శీర్షిక కింద ఈ మూడింటినీ కలిపి పేర్చిన జాబితాలు చూసినప్పుడల్లా, ఇంటి తాళాన్నీ కోట ద్వారాన్నీ బీరువా తాళాన్నీ కలిపి ఏది గట్టిదని అడిగినట్లు అనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్, హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ అన్న విభజన కూడా నిజానికి ఈ మొదటి ప్రశ్నకు తప్పుగా రాసిన సమాధానమే. హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ అని అమ్మే పెట్టెను విప్పితే అందులో ఉండేది ఒక చిన్న కంప్యూటర్, దాని మీద నడిచేది సాఫ్ట్‌వేరే. పీఎఫ్‌సెన్స్‌ను పాత కంప్యూటర్‌లో మీరే ఎక్కించుకుంటే దాన్ని సాఫ్ట్‌వేర్ అంటారు, దాన్నే ముందుగా ఎక్కించి అమ్మిన పెట్టెను కొంటే హార్డ్‌వేర్ అంటారు, లోపలి నియమాలు మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. ప్రత్యేకమైన చిప్‌లు పెట్టి వేగం పెంచిన పెట్టెలు లేకపోలేదు, కానీ అది వేగానికి సంబంధించిన సంగతి. సామాన్య పాఠకుడికి ఈ రెండు మాటల ద్వారా చెప్పదలచుకున్నది "ఇది మీ కంప్యూటర్ లోపల ఉంటుంది" లేదా "ఇది బయట విడిగా ఉంటుంది" అన్నదే అయితే, ఆ మాటే నేరుగా చెబితే సరిపోతుంది.

లోపల ఉండడం వల్ల ఏమి ఒరుగుతుందో చెప్పడానికి 2003 నాటి సంగతి ఒకటి ఉంది. ఆ ఏడాది ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్, అంటే తనంత తానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకే హానికర కార్యక్రమం, విండోస్ యంత్రాల్లోకి 135వ పోర్టు ద్వారా చొరబడింది. వాడుకరి ఏ లంకెనూ నొక్కలేదు, ఏ ఫైలునూ తెరవలేదు. కంప్యూటర్ ఇంటర్నెట్‌కు తగిలించి ఉంటే చాలు, అది సోకేది. ఆ లోపానికి సవరణ అంతకు ముందు నెలలోనే విడుదలైంది, కానీ చాలామంది దాన్ని ఎక్కించుకోలేదు. ఇందులో విచిత్రమేమిటంటే, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ అప్పటికే ఉంది, కానీ అది మామూలుగా ఆపివేసి ఉండేది. ఉన్నదని కూడా చాలామందికి తెలియదు. 2004 ఆగస్టులో వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ అనే సవరణల కట్టతో మైక్రోసాఫ్ట్ దాన్ని మొదటి నుంచీ నడిచేలా మార్చింది. ఉన్న ఫైర్‌వాల్ నడుస్తోందా లేదా అన్నది ఏ రకమన్న దానికంటే ముందు చూడవలసిన సంగతి. మాక్‌లో 2007 నాటి లెపర్డ్ వెర్షన్ నుంచి కార్యక్రమాల వారీగా పనిచేసే ఫైర్‌వాల్ ఉంది, కానీ దాన్ని సాధారణంగా వాడుకరే సెట్టింగుల్లోకి వెళ్లి నడిపించుకోవాలి. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనం ముందే ఎక్కి ఉంటుంది, అయినా ఆజ్ఞ ఇచ్చేవరకు నిద్రపోతూనే ఉంటుంది.

రెండో ప్రశ్న, అది ఎంత లోతుకు చదువుతుంది అన్నది. ఇక్కడే పుస్తకాల్లోని పేర్లు ఎక్కువ. 1980ల చివరలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఇంజినీర్లు తయారుచేసిన తొలి ప్యాకెట్ ఫిల్టర్లు కవరు పైభాగం మాత్రమే చదివేవి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టు అన్న మూడు సంగతులతోనే నిర్ణయం జరిగిపోయేది. ఆ తరవాత వచ్చిన ప్రాక్సీలది పూర్తిగా వేరే పద్ధతి. అవి కవరును ముందుకు పంపవు. తామే అందుకుని, విప్పి, లోపలిది చదివి, నచ్చితే తమ పేరుతో కొత్త కవరులో పెట్టి పంపుతాయి. కనుక లోపలి కంప్యూటరూ బయటి కంప్యూటరూ ఒకదానితో ఒకటి నేరుగా ఎప్పుడూ మాట్లాడుకోవు. 1993లో టీఐఎస్ అనే సంస్థ విడుదల చేసిన ఫైర్‌వాల్ టూల్‌కిట్ ఈ పద్ధతిని చాలామందికి అందుబాటులోకి తెచ్చింది. ప్రాక్సీకి శ్రద్ధ ఎక్కువ, వేగం తక్కువ. పైగా ఒక్కో రకం సంభాషణకు ఒక్కో ప్రాక్సీ కావాలి, ఎందుకంటే ఈమెయిల్ భాష తెలిసిన దానికి వెబ్ భాష తెలియదు.

నెక్స్ట్ జనరేషన్ అనే మాట ఈ లోతు ప్రశ్నకే చెందుతుంది, కానీ ఆ పేరులో సమాచారం కంటే వ్యాపారమే ఎక్కువని నా అభిప్రాయం. 2000ల మధ్యకు వచ్చేసరికి లోకంలోని సంభాషణలో చాలా భాగం వెబ్‌కు వాడే 80, 443 పోర్టుల్లోకే దూరిపోయింది. బ్యాంకు పని, సినిమా, ఫైళ్ల పంపకం, కబుర్లు అన్నీ ఒకే తలుపు గుండా వెళుతున్నప్పుడు పోర్టు సంఖ్య చూసి లోపలేముందో ఊహించడం అసాధ్యమైంది. అందుకని పోర్టు ఏదైనా సరే, లోపలి సంభాషణ తీరును బట్టి ఇది ఫలానా కార్యక్రమం అని గుర్తుపట్టే ఫైర్‌వాల్‌లు వచ్చాయి. పాలో ఆల్టో నెట్‌వర్క్స్ 2007లో అలాంటిదాన్ని అమ్మకానికి పెట్టింది, 2009లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ ఆ వర్గానికి నిర్వచనం రాసింది. ఇప్పటికి అదంతా జరిగి ఎన్నో ఏళ్లయింది, అయినా పేరు ఇంకా "తరువాతి తరం" అనే ఉంది. ఒక వస్తువును అది చేసే పనిని బట్టి కాక పుట్టిన కాలాన్ని బట్టి పిలిస్తే వచ్చే చిక్కు ఇదే. "సంభాషణను బట్టి కార్యక్రమాన్ని గుర్తుపట్టేది" అని రాస్తే మాట పొడుగవుతుంది, కానీ చదివినవారికి సంగతి తెలుస్తుంది.

లోతుగా చదవడం గురించి ఎవరూ సరిగా చెప్పని సంగతి ఒకటుంది. ఈనాడు వెబ్‌లో ఎక్కువ భాగం సంకేతలిపిలో, అంటే ఎన్‌క్రిప్ట్ అయి ప్రయాణిస్తోంది. కవరు విప్పినా లోపల అర్థంకాని గీతలే కనిపిస్తే ఫైర్‌వాల్ ఏమి చదువుతుంది? కొంత బయటి ఆనవాళ్లను బట్టి ఊహిస్తుంది. అంతకుమించి చదవాలంటే అది మధ్యలో నిలబడి మీకు వెబ్‌సైటులాగానూ, వెబ్‌సైటుకు మీలాగానూ నటించాలి, ఆ నటనను మీ కంప్యూటర్ నమ్మేందుకు దాని ధ్రువపత్రాన్ని ముందుగానే మీ కంప్యూటర్‌లో ఎక్కించి ఉండాలి. కార్యాలయాలు తాము ఇచ్చిన కంప్యూటర్లలో ఇలా చేయడం మామూలే. అది తప్పని నేననను, కానీ లోతు అన్న గడిలో "లోపలిది కూడా చదువుతుంది" అని ఉన్నప్పుడు, చదివేది దొంగల ఉత్తరాలనే కాక మీ ఉత్తరాలను కూడా అని పాఠకుడికి తెలియాలి. నా సొంత కంప్యూటర్‌లో నాకు ఆ లోతు అక్కరలేదు.

మూడో ప్రశ్న, దానికి జ్ఞాపకం ఉందా లేదా అన్నది. దీన్ని నేను ఎప్పుడూ లోతు కిందే కలిపి రాసేవాణ్ణి. విడదీయమన్నది పిన్నే. తొలి ప్యాకెట్ ఫిల్టర్‌కు భూతకాలం తెలియదు. వచ్చిన ప్రతి కవరునూ అదే మొదటిదన్నట్లు చూస్తుంది. మీరు ఒక వెబ్‌సైటును తెరిచారనుకోండి. మీ అభ్యర్థన బయటికి వెళ్లాక సమాధానం లోపలికి రావాలి. జ్ఞాపకం లేని కాపలాదారు ఈ సమాధానం మీరు అడిగినదో, ఎవరో అడగకుండా పంపినదో చెప్పలేడు. కనుక "443వ పోర్టు నుంచి వచ్చేవన్నీ రానివ్వు" వంటి విశాలమైన నియమం రాయక తప్పదు, ఆ సందులోంచి దొంగ సమాధానం కూడా దూరవచ్చు. జ్ఞాపకం ఉన్న ఫైర్‌వాల్ తన దగ్గర ఒక చిట్టా పెట్టుకుంటుంది. ఫలానా కంప్యూటర్ ఫలానా చోటికి సంభాషణ మొదలుపెట్టిందని రాసుకుని, అక్కడి నుంచి తిరిగి వచ్చే కవర్లను ఆ వరుసతో పోల్చి చూసి లోపలికి పంపుతుంది. చిట్టాలో లేని కవరు వస్తే బయటే ఆపుతుంది. 1994లో చెక్‌పాయింట్ సంస్థ తెచ్చిన ఫైర్‌వాల్-1 ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించింది. దీన్నే స్టేట్‌ఫుల్ అంటారు. ఇప్పుడు మీరు ఎంచుకోబోయే ఇంటి వాడుక ఫైర్‌వాల్‌లన్నింటికీ దాదాపు ఈ గుణం ఉంటుంది కనుక, ప్రకటనలో ఆ మాట చూసి మురిసిపోనక్కరలేదు.

చిట్టా ఉన్నప్పుడు అందులోంచి ఎప్పుడు కొట్టివేయాలి అన్న సమస్య కూడా ఉంటుంది. టీసీపీ అనే పద్ధతిలో జరిగే సంభాషణకు మొదలూ ముగింపూ స్పష్టంగా ఉంటాయి, అయినా ముగింపు చెప్పకుండా మాయమయ్యేవారు ఉంటారు. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం, స్థిరపడిన టీసీపీ సంభాషణ ఏ కదలికా లేకపోయినా 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు చిట్టాలో ఉంటుంది. యూడీపీ అనే మరో పద్ధతిలో మొదలూ తుదీ ఏవీ ఉండవు కనుక, సమాధానం రాని యూడీపీ వరుసను 30 సెకన్లకే కొట్టివేస్తుంది. కొన్ని కార్యక్రమాలు ఏ పనీ లేకపోయినా కొద్ది సేపటికొకసారి ఖాళీ కవర్లు పంపుతూ ఉండడానికి ఒక కారణం ఇదే. ఫైర్‌వాల్ తమను మరిచిపోకుండా చూసుకోవడానికి అవి అలా పలకరిస్తూ ఉంటాయి. ఈ సంగతి వర్గీకరణకు అవసరం లేదు, కానీ జ్ఞాపకం అనే మాట అలంకారం కాదని, నిజంగానే ఒక చిట్టా, దానికొక గడువు ఉంటాయని చెప్పడానికి రాశాను.

నాలుగో ప్రశ్న, అది ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎవరిని అడుగుతుంది అన్నది. విండోస్ ఎక్స్‌పీలోని ఫైర్‌వాల్ లోపలికి వచ్చేవాటినే ఆపేది, బయటికి వెళ్లేవాటిని పట్టించుకునేది కాదు. మాక్‌లోని కార్యక్రమాల ఫైర్‌వాల్ ఇప్పటికీ లోపలికి వచ్చే సంబంధాల గురించే ఆలోచిస్తుంది. విండోస్ విస్టాతో బయటికి వెళ్లేవాటిని కూడా ఆపే శక్తి విండోస్‌కు వచ్చింది, అయితే మామూలు అమరికలో బయటికి వెళ్లేవాటన్నింటికీ అనుమతి ఉంటుంది. మీ కంప్యూటర్‌లోనే ఉన్న ఒక కార్యక్రమం మీకు చెప్పకుండా ఎవరితోనో మాట్లాడుతోందా అన్న అనుమానం ఉన్నవారికి ఇవి సరిపోవు. వారి కోసం బయటి దిక్కుకు కాపలా కాసే మరో జాతి ఉంది. ఒకప్పుడు విండోస్‌లో జోన్‌అలారం, ఇప్పుడు మాక్‌లో లిటిల్ స్నిచ్, లులూ, ఆండ్రాయిడ్‌లో నెట్‌గార్డ్ ఇటువంటివి. ఏదైనా కార్యక్రమం మొదటిసారి బయటికి మాట్లాడబోతే ఇవి మిమ్మల్ని ఆపి అడుగుతాయి, లేదా మీరు రాసి ఇచ్చిన పట్టిక చూసి ఆపుతాయి.

అడగడం మంచిదే కానీ, ఎవరిని అడుగుతున్నది అన్నది ముఖ్యం. నేను కొన్నాళ్లు అటువంటిది వాడి చూశాను. మొదటి రోజు వచ్చిన ప్రతి ప్రశ్ననూ శ్రద్ధగా చదివాను, మూడో రోజుకల్లా పేరు కూడా చూడకుండా అనుమతి మీటను నొక్కడం అలవాటైపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ లోపల తెర వెనక నడిచే కార్యక్రమాల పేర్లు సామాన్యుడికి ఏమీ చెప్పవు. ఒకదాన్ని అనుమానించి నిరాకరించాను, దానితో కంప్యూటర్ గడియారం సరిచేసుకోవడం మానేసింది, కారణం పోల్చుకోవడానికి వారం పట్టింది. కనుక "ఎవరిని అడుగుతుంది" అన్న గడిలో మూడు సమాధానాలు సాధ్యం: ఎవరినీ అడగదు, ముందే రాసిన నియమాలను అడుగుతుంది, కుర్చీలో కూర్చున్న మనిషిని అడుగుతుంది. మూడోది అత్యంత కచ్చితమైనదిగా కనిపిస్తుంది, కానీ ఆచరణలో అది ఆ మనిషి ఓపికంత మాత్రమే కచ్చితమైనది.

ఈ నాలుగింటితో పని అయిపోయిందనుకుంటుండగా లినక్స్ వాడే ఒక మిత్రుడి జాబితా చూడవలసి వచ్చింది. అందులో ఐపీటేబుల్స్, ఎన్‌ఎఫ్‌టేబుల్స్, యూఎఫ్‌డబ్ల్యూ, జీయూఎఫ్‌డబ్ల్యూ, ఫైర్‌వాల్‌డీ అని ఐదు పేర్లు, ఐదు వేరు వేరు ఫైర్‌వాల్‌లు అన్నట్లు వరుసగా ఉన్నాయి. నిజానికి వీటన్నింటి కింద పనిచేసేది ఒక్కటే. లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, నెట్‌ఫిల్టర్ అనే భాగం ఉంది, కవర్లను ఆపేదీ పంపేదీ అదే. 2001లో 2.4 కెర్నెల్‌తో వచ్చిన ఐపీటేబుల్స్, 2014లో 3.13 కెర్నెల్‌తో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ దానికి నియమాలు చెప్పే రెండు భాషలు. ఐపీటేబుల్స్ భాష కష్టమని, 2008లో ఉబుంటు 8.04తో యూఎఫ్‌డబ్ల్యూ అనే తేలిక భాష వచ్చింది. దాని పేరులోనే చిక్కులు లేనిదన్న అర్థం ఉంది. ఆజ్ఞలు టైపు చేయడం కూడా ఇష్టం లేనివారికి యూఎఫ్‌డబ్ల్యూ మీద బొమ్మల తెరగా జీయూఎఫ్‌డబ్ల్యూ వచ్చింది. అంటే తెర మీద మీట నొక్కితే అది యూఎఫ్‌డబ్ల్యూకు చెబుతుంది, అది ఐపీటేబుల్స్‌కు చెబుతుంది, చివరికి పని చేసేది నెట్‌ఫిల్టర్. ఇంకో మెలిక కూడా ఉంది. మరో లినక్స్ రకమైన డెబియన్‌లో 2019 నాటి 10వ వెర్షన్ నుంచి ఐపీటేబుల్స్ అన్న ఆజ్ఞ టైపు చేస్తే, అది లోలోపల ఎన్‌ఎఫ్‌టేబుల్స్ పద్ధతిలోకి మారి నడుస్తుంది. పాత పేరు, కొత్త యంత్రం.

కనుక ఐదో ప్రశ్న ఒకటి చేర్చక తప్పలేదు: ఇది యంత్రమా, యంత్రానికి పెట్టిన చుక్కానా? విండోస్‌లో కూడా ఇదే కథ. విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ అనే కార్యక్రమం కొత్త ఫైర్‌వాల్ కాదు, విండోస్‌లో ఉన్న ఫైర్‌వాల్‌కే మరింత అనుకూలమైన తెర. సింపుల్‌వాల్ అనేది విండోస్ ఫైర్‌వాల్‌ను వాడదు, కానీ దానికి కూడా ఆధారమైన విండోస్ వడపోత వేదికనే తానూ వాడుతుంది. ఇది తెలియక ఒకదాని మీద ఒకటి రెండు చుక్కానులు పెట్టుకుని, ఒకటి తెరిచిన పోర్టును మరొకటి మూసి, ఎందుకు పనిచేయడం లేదో తెలియక తలపట్టుకునేవారిని నేను చూశాను. మాక్‌లోనైతే రెండు యంత్రాలే పక్కపక్కన ఉన్నాయి: సెట్టింగుల్లో కనిపించే కార్యక్రమాల ఫైర్‌వాల్ ఒకటి, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 2001లో పుట్టి 2011 నాటి లయన్ వెర్షన్ నుంచి మాక్‌లోకి చేరిన పీఎఫ్ మరొకటి. ఈ రెండోదానికి సెట్టింగుల్లో తెర లేదు. పీఎఫ్‌సెన్స్ అన్న పేరులోని మొదటి భాగం కూడా ఈ పీఎఫ్ నుంచి వచ్చిందే.

ప్రశ్నల్లో చేర్చకుండా వదిలేసినవి కొన్ని ఉన్నాయి. ఉచితమా, కొనాలా అన్నది కొనేవారికి అవసరమే కానీ అది వస్తువు స్వభావం కాదు. ఏ నియమమూ వర్తించని కవరు వచ్చినప్పుడు పంపాలా ఆపాలా అన్నది చాలా ముఖ్యం, బహుశా అన్నింటికంటే ముఖ్యం, కానీ అది చాలా ఫైర్‌వాల్‌లలో మార్చుకోగలిగిన అమరిక, రకం కాదు. అలాగే ఫైర్‌వాల్ కానివాటిని బయట పెట్టాలి. యాంటీవైరస్ కంప్యూటర్‌లోకి చేరిన ఫైళ్లను చూస్తుంది, హద్దు దాటే కవర్లను కాదు. వీపీఎన్ మీ కవర్లను మరో కవరులో పెట్టి వేరే దారిన పంపుతుంది, వాటిని వడపోయదు. నెట్‌గార్డ్ మాత్రం ఆండ్రాయిడ్‌లోని వీపీఎన్ సౌకర్యాన్ని వాడుకుని వడపోస్తుంది, అందుకే అది నడుస్తున్నప్పుడు అదే ఫోనులో అసలైన వీపీఎన్ నడవదు. ఈ ఒక్క కారణంగా ఆ రెండూ ఒకటేనని నమ్మేవారు ఉన్నారు.

రౌటర్ సంగతి కొంచెం సున్నితమైనది. ఇంట్లో అనేక పరికరాలు ఒకే బయటి చిరునామాను పంచుకునేలా చేసే నాట్ అనే ఏర్పాటు 1994లో ప్రతిపాదనగా వచ్చింది. చిరునామాల కొరత తీర్చడం దాని ఉద్దేశం, రక్షణ కాదు. అయితే అడగకుండా వచ్చిన కవరును లోపల ఎవరికివ్వాలో దానికి తెలియదు కనుక అది అక్కడే ఆగిపోతుంది, చూసేవారికి ఫైర్‌వాల్ ఆపినట్లే కనిపిస్తుంది. రక్షణ ఇక్కడ ఒక పక్క ప్రయోజనం. ఐపీవీ6 అనే కొత్త చిరునామాల పద్ధతిలో కొరత లేదు, సాధారణంగా నాట్ అవసరమూ ఉండదు, అప్పుడు రౌటర్‌లో నిజమైన ఫైర్‌వాల్ ఉందా, అది నడుస్తోందా అన్నది విడిగా చూసుకోవలసిందే.

ఇంత చెప్పుకున్నాక పిన్ని కాగితం వెనక అయిదు నిలువు గడులు గీసి, తన ల్యాప్‌టాప్‌లోని విండోస్ ఫైర్‌వాల్‌తో మొదలుపెట్టింది. ఎక్కడుంది: కంప్యూటర్ లోపల. లోతు: కవరు పైభాగం, దానితో పాటు ఏ కార్యక్రమానిదో కూడా. జ్ఞాపకం: ఉంది. దిక్కు: లోపలికి వచ్చేవి ఆపుతుంది, బయటికి వెళ్లేవి ఆపమని చెప్పనంతవరకు వదిలేస్తుంది. యంత్రమా చుక్కానా: యంత్రం. ఆ తరవాత తాను కొనాలనుకుంటున్నదాన్ని నింపింది. దిక్కు గడి తప్ప మిగిలిన నాలుగూ ఒకేలా వచ్చాయి. "అంటే బయటికి పోయేవాటి గురించి నన్ను రోజూ అడగడానికి దీనికి డబ్బు ఇవ్వాలన్నమాట" అని, కొనడం మానుకుని, ఉన్నది నడుస్తోందో లేదో చూసి పెట్టమంది. నడుస్తోంది.

మిగిలిన పేర్లు కూడా నింపుతూ ఉండగా చివర క్లౌడ్ దగ్గర ఆగిపోయాం. అమెజాన్ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌కు సెక్యూరిటీ గ్రూప్ అనే నియమాల కట్ట తగిలిస్తారు. దానికి జ్ఞాపకం ఉంది. అదే క్లౌడ్‌లో ఒక నెట్‌వర్క్ భాగం మొత్తానికి తగిలించే నెట్‌వర్క్ ఏసీఎల్ అనే మరో కట్టకు జ్ఞాపకం లేదు, వెళ్లేదానికీ వచ్చేదానికీ విడివిడిగా నియమాలు రాసుకోవాలి. ఏసీఎల్ ఎక్కడ నిలబడిందో చెప్పడం సులువే. సెక్యూరిటీ గ్రూప్ మాత్రం ఒక్కో కంప్యూటర్‌కు విడిగా తగిలి ఉంటుంది, కానీ ఆ కంప్యూటర్ లోపల ఉండదు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది ఉన్నట్లు కూడా తెలియదు, కంప్యూటర్‌ను పూర్తిగా చేజిక్కించుకున్న దొంగ కూడా లోపలి నుంచి దాన్ని ఆపివేయలేడు. ఎక్కడుంది అన్న మొదటి గడిలో ఏమి రాయాలని పిన్ని అడిగింది. "తగిలింది ఒక్కదానికే, నిలిచింది బయట" అన్నాను. ఆమె ఆ రెండు ముక్కలనూ ఒకదాని కింద ఒకటి రాసి, మొదటి ప్రశ్నలోనే రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయని చెప్పి, ఆ గడిని నిలువునా రెండుగా చీల్చింది.